గుగ్గిలం పూసిన బెల్టు

వేళ్లను మళ్లీ ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు ప్రేమానందం. వాసన పోలేదు. సత్యవేడు బస్టాండు కొళాయి దగ్గర ఒకసారి కడిగాడు, రేణిగుంటలో టిఫిను తిన్నాక సబ్బు పెట్టి ఒకసారి, ఈ మైదానంలోకి వచ్చాక ఎర్రమన్ను రుద్ది ఇంకొకసారి, అయినా గోళ్ల సందుల్లో గుగ్గిలం అట్లాగే కూర్చుని ఉంది, బంకగా, తియ్యగా, మిల్లు వాసనగా. ముప్పై ఏళ్లుగా రైసుమిల్లులో మిషను తోలుతున్న చెయ్యి అది. బెల్టు జారకుండా గుగ్గిలం ఉండ పట్టి రుద్దడం ఆ చేతికి అన్నం కలుపుకున్నంత అలవాటు. ఆదివారం ఆరాధనలో రొట్టె ముక్క అందుకునేటప్పుడు కూడా ఆ వాసన ఉండేది, ఏనాడూ సిగ్గనిపించలేదు, కష్టం చేసుకుని బతికే వాసనే కదా అనుకునేవాడు. ఇవాళ మాత్రం ఆ చెయ్యిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. జేబులో పెట్టాడు, తీశాడు, తొడ కింద పెట్టుకున్నాడు. ఎదురుగా షామియానా కింద నాలుగో బల్ల దగ్గర కూతురు నిస్సీ తల వంచుకుని తన బండి మోటారు ఊడదీస్తోంది. తప్పు మోటారులో లేదని ఆయనకు తెలుసు. ఎక్కడుందో కూడా తెలుసు. తెలిసి పది నిమిషాలైంది.

బండి అంటే మూరెడు పొడవు. దూరాన నిలబడి రిమోటుతో నడిపే ట్రక్కు, కొబ్బరిచిప్పంత చక్రాలు నాలుగు, మట్టి దిబ్బలెక్కి గాల్లోకి ఎగిరి దూకి మళ్లీ పరిగెత్తేది. అమ్ముడుపోని ఈ లేఅవుటులో హద్దురాళ్లు పీకేసి, మిషనుతో దిబ్బలు పోయించి, ట్యాంకరుతో నీళ్లు చల్లించి దారి చేశారు ఎవరో ఉత్సాహవంతులు. తడ దాటి అరవ దేశం నుంచి కూడా జట్లు వచ్చాయి. పొద్దున పోటీలో నెగ్గిన ఎనిమిది జట్లకు పదకొండున్నరకు ఫైనలు. జట్టుకు రెండు బండ్లు తెచ్చుకోవచ్చు గానీ ఫైనల్లో దిగేది ఒక్కటే, ఆ ఒక్కటీ ఏదో పదకొండు లోపల కాగితం మీద రాసివ్వాలి. నిస్సీ, ముజఫర్ ఇద్దరూ పాలిటెక్నిక్ మెకానికల్ చివరి ఏడు, ఇద్దరూ ఒక జట్టు, చెరొక బండీ కట్టారు. ముజఫర్‌ది షాఫ్టు బండి. నడిమి మోటారు నుంచి ముందు చక్రాలకు బలం ఒక ఉక్కు కడ్డీ మీద పోతుంది. నిస్సీది బెల్టు బండి; అదే బలం చిటికెనవేలి గోరంత వెడల్పున్న రబ్బరు బెల్టు మీద పోతుంది. మిగతా ఏడు జట్లవీ షాఫ్టు బండ్లే. బెల్టుతో ఫైనలుకు వచ్చింది తన బిడ్డ ఒక్కతే. వచ్చింది సరే, చివరి రెండు చుట్లలో ఆ బండి మలుపు దగ్గర ఒక చప్పుడు చేసింది. టక్. మళ్లీ టక్ టక్. బండి కుంటడం అందరూ చూశారు గానీ, జనం కేకల్లో ఆ చప్పుడు ఎవరికి వినపడింది? ఆయనకు వినపడింది. మిల్లులో కళ్లు మూసుకుని ఏ బేరింగు ఎండిందో చెప్పే చెవి అది.

అప్పుడు కూడా అర్థం కాలేదు, అదీ వింత. కాశిం సాహెబు నోటి నుంచి వినేదాకా అర్థం కాలేదు. కాశిం సాహెబు ముజఫర్ తాత, లారీ మెకానిక్కు, పొద్దున్నుంచి పక్క కుర్చీలో కూర్చుని మనవడి షాఫ్టు తరఫున వాదిస్తూనే ఉన్నాడు.

"ఏమప్పా ప్రేమానందం, లారీకి బెల్టు కట్టి లోడు ఎత్తినోణ్ని యాడన్నా సూసినావా?"

"నువ్వు తినే అన్నం బెల్టు మింద వచ్చిందే సాయిబూ."

"అందుకేనా, పంటి కింద రాళ్లు తగల్తా ఉండాయి!"

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూ నవ్వుతూనే కాశిం సాహెబు అన్నాడు, "అయినా మీ మిల్లు బెల్టుకూ ఈ బిడ్డ బెల్టుకూ ఏం పొత్తు? మీది నున్నంగా ఉంటాది, జారతాది. దీనికి పండ్లు ఉండాయి. పండ్లు పండ్లను పట్టుకుంటే ఇంక జారేదేముండాది? పండ్ల సందులో ఇసక గింజ పడకుండా సూసుకుంటే సాలు." అని, మజ్జిగ తెస్తానని లేచి వెళ్లాడు. ప్రేమానందానికి మిల్లు మొత్తం ఒక్కసారి కరెంటు పోయి ఆగినట్టయింది.

పళ్లు. పొద్దున తన కళ్లతోనే చూశాడు కదా. దంతెలు దంతెలుగా, దువ్వెన మాదిరి. చూసిన కన్ను వేరు, రుద్దిన చెయ్యి వేరు. తెల్లవారి ఐదున్నర, భార్య రెబెకా షిఫ్టు దిగి ఇంకా ఇంటికి రాలేదు, నిస్సీ దొడ్లో తలకు పోసుకుంటోంది, బైబిలు ఉంచే బల్ల మీద తెల్లగుడ్డ పరిచి దాని మీద బండి, పైకప్పు తీసి పెట్టి. మోకరించి ప్రార్థన చేశాడు, తండ్రీ ఈ బిడ్డ చేతుల కష్టాన్ని ఆశీర్వదించు అన్నాడు, ఆమేన్ అన్నాడు, లేచాడు. అంతటితో ఆగి ఉంటే? సంచిలో గుగ్గిలం ఉండ ఉంది, నిన్న మిల్లు నుంచి అట్లాగే వచ్చేసింది, చేతికి తగిలింది. పోటీలో బెల్టు జారితే? ఎగిరి దిగేటప్పుడు జారితే? ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చేత్తో ఉండను బెల్టుకు ఆనించాడు. రెండు నిమిషాల పని. అభిషేక తైలం పూసినంత భక్తిగా పూశాడు. ఇప్పుడు ఆ బంకకు ఈ లేఅవుటు ఇసకంతా అంటుకుని పళ్ల సందుల్లో గట్టిపడి ఉంటుంది, లోపలి పళ్లచక్రం పన్ను ఆ సందులో దిగలేక ఇసక మీదికెక్కి దాటుతోంది, అదే ఆ టక్. ఇంకొంచెం బలం పెడితే పన్ను ఊడుతుంది, ఆపైన బెల్టు తెగుతుంది. తెగితే అందరూ ఏమంటారు? చూశారా, బెల్టు ఇంతే, మట్టికి బెల్టు పనికిరాదు, షాఫ్టే మేలు. బెల్టు చెయ్యని తప్పుకు బెల్టును అంటారు, నిస్సీ చెయ్యని తప్పుకు నిస్సీని అంటారు.

ఆ పిల్ల బెల్టు ఎందుకు పట్టుకుందో ఆయనకు తెలుసు. వినోదానికి కాదు. ఆర్నెల్ల కిందట వంటింట్లో కూర్చుని చపాతీ కర్రను గుడ్డలో చుట్టి తిప్పి చూపించింది. షాఫ్టు ఇట్లా గిర్రున తిరిగితే బండి శరీరం ఎదురు మెలి తిరుగుతుంది నాయనా, గాల్లో ఉన్నప్పుడు బలం ఇస్తే ఒక పక్కకు వాలుతుంది, బెల్టుకు ఆ మెలి లేదు, తేలిక, చప్పుడు తక్కువ. మరి బెల్టుకు దోషం లేదా అంటే ఉంది అంది, సాగుతుంది, రాయి దూరితే పోతుంది, అందుకే మూత నేనే చేసినా అంది. ఆ మూత తీసి ఉన్నప్పుడే కదా తను చెయ్యి పెట్టింది. ఆమె చెబుతుంటే ఆయనకు పాత మిల్లు గుర్తొచ్చింది. అప్పట్లో ఒకే పెద్ద మోటారు, పైన దూలానికి ఈ చివర నుంచి ఆ చివరకు పొడుగాటి షాఫ్టు, దాని చక్రాల నుంచి కిందికి ఆరు మిషన్లకు ఆరు పట్టీ బెల్టులు. ఏది మేలు అని ఎవరూ అడగలేదు, రెండూ ఉంటేనే బియ్యం. నాయన ఆ మిల్లుకు డ్రైవరు. తోలు దారంతో బెల్టు అతుకు కుట్టడం నాయనే నేర్పాడు. ఒకరోజు హమాలీ చిన్నబ్బ లుంగీ కొస బెల్టులో పడింది, మనిషిని ఈడ్చుకుపోయింది, కాలు చక్రం దాకా పోయిందనుకునే సరికి బరువుకు బెల్టే జారి కింద పడిపోయింది. చిన్నబ్బ సగం లుంగీతో నిలబడి, ఆడవాళ్లంతా చూస్తున్నారని బియ్యం బస్తా వెనక దాక్కున్నాడు. నవ్వీ నవ్వీ నాయన కళ్లు తుడుచుకున్నాడు, ఆ తర్వాత ఆ కళ్లు నవ్వుతో తడవలేదని తెలిసింది. ఆ బెల్టుకు మాత్రం గుగ్గిలం పుయ్యొద్దురా, జారాల్సినప్పుడు జారాల అన్నాడు. అన్ని బెల్టులూ ఒకటి కాదని నాయన అప్పుడే చెప్పాడు మరి. చెవి ఉండి వినలేదు తను.

పదిన్నర దాటింది. పైన విమానం ఒకటి దిగుతూ పోయింది, దాని నీడ దిబ్బల మీంచి జారింది. బల్ల దగ్గర ముజఫర్ ఏదో అంటున్నాడు, నిస్సీ తల అడ్డంగా ఊపుతోంది. వెళ్లి చెప్పాలి. లేచి పది అడుగులు వేస్తే చాలు. కాళ్లు లేవడం లేదు, ఎందుకు లేవడం లేదో కూడా ఆయనకు తెలుసు, అది గుగ్గిలం గురించి కాదు. పదో తరగతి అయిపోయిన ఏడు, పాలిటెక్నిక్ సీటుకు ఏ బ్రాంచి కావాలో నెట్‌లో పెట్టాల్సి వచ్చినప్పుడు, ఆడపిల్లకు మిషన్లు ఎందుకు, నాలాగా పొట్టులో దుమ్ములో బతకడం ఎందుకు అని, ఆమెకు చెప్పకుండా తనే నెట్ సెంటరుకు వెళ్లి మొదటి వరసలో కంప్యూటరు పెట్టించాడు. మంచికే. మార్చుకోవడానికి ఇంకొక్క రోజు ఉందనగా నిస్సీ చూసుకుంది, మార్చుకుంది. ఏడవలేదు, అరవలేదు, అన్నం మానలేదు. తింటూ తింటూ ఒకే మాట అంది: నా మంచికే చేసినావు నాయనా, కానీ నన్ను అడగలే. ఇంకెప్పుడూ అడగకుండా నీ పనిలో చెయ్యి పెట్టనని మాటిచ్చాడు. మాటివ్వడం ఎంత సులువు! మూడేళ్లు నిలబెట్టుకున్నాడు కూడా. ఆమె ఇంట్లో బండి విప్పినప్పుడల్లా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు, స్క్రూ కింద పడితే కూడా తీసివ్వాలా అని అడిగి తీసిచ్చేవాడు, దానికి ఆమె నవ్వేది. ఇవాళ పొద్దున, ప్రార్థన చేసిన నోరు తడి ఆరక ముందే, ఆ మాట ఎటు పోయింది? ఇంకొక సంగతి ఆలోచిస్తే మనసుకు ఇబ్బందిగా ఉంది. ప్రార్థన చేశాక మళ్లీ గుగ్గిలం ఎందుకు? దేవుడికి అప్పగించినవాడు అప్పగించి ఊరుకోవాలి కదా. ఆ దేవుడి మీద నమ్మకం చాలకనా, బిడ్డ మీద నమ్మకం చాలకనా?

తండ్రీ, ఆ చప్పుడు మళ్లీ రాకుండా చెయ్యి అని అడగబోయాడు. సగంలో ఆగిపోయాడు. తను పూసిన బంకను దేవుడు వచ్చి తుడవాలా? బొమ్మబండి గురించి ప్రార్థించవచ్చా అని పోయిన వారం చర్చి అయ్యగారిని అడిగితే, తలవెంట్రుకలు లెక్కపెట్టినవాడికి ఇది చిన్నదా ప్రేమానందం అన్నాడు. నిజమే. కానీ లేచి నడవగల కాళ్లున్నవాడు కూర్చుని ప్రార్థిస్తే అది ప్రార్థన అవుతుందా, దాక్కోవడం అవుతుందా? చెప్పకపోతే ఏమవుతుంది? నిస్సీకి ఎప్పటికీ తెలియదు. ముజఫర్ మాట విని షాఫ్టు బండి రాసిస్తుంది, అది బాగానే పరిగెత్తుతుంది, గెలవనూ వచ్చు. ఇంటికి పోయాక రాత్రి బెల్టు విప్పి చూసి, ఇసక ఎక్కువ దూరింది, నా మూత సరిపోలేదు అనుకుంటుంది. ఆ పిల్ల తన చేతి పని మీద తనే అనుమానపడుతుంది. తన లెక్క తప్పు అనుకుంటుంది. ఒకటి రెండు సార్లు కాదు, ఇంక ప్రతిసారీ. తన పేరు ఎక్కడా రాదు, తను మంచి నాయనగానే మిగిలిపోతాడు.

"పదకొండు అయితా ఉండాది నిస్సీ. మోటారులో ఏం లేదు. షాఫ్టు బండే రాద్దాం, గమ్మున," అంటున్నాడు ముజఫర్. గొంతులో గెలిచిన సంబరం లేదు, మంచి పిల్లవాడు. నిస్సీ కాగితం ముందుకు లాక్కుంది. పెన్ను మూత తీసింది. ఒక్క క్షణం బెల్టు బండి వైపు చూసింది, జ్వరం వచ్చిన పిల్లను బడికి పంపకుండా ఇంట్లో వదిలి వెళ్లే తల్లి చూసినట్టు.

లేచాడో, ఎవరైనా లేపారో. పది అడుగులూ గుర్తు లేవు.

"నిస్సీ, మోటారు తప్పు కాదు మా. పొద్దున నేను బెల్టుకు గుగ్గిలం పూసినాను."

ముజఫర్ నోరు తెరిచాడు. "గుగ్గిలమా? సాంబ్రాణి పొగ కూడా ఏసినావా మామా?" అని, నిస్సీ ముఖం చూసి నోరు మూసుకున్నాడు.

"ఎప్పుడు?" అంది నిస్సీ.

"నువ్వు తలకు పోసుకుంటా ఉన్నెప్పుడు."

"నన్ను అడగాలని అనిపించలేదా నాయనా?"

"అనిపించింది." ఇక్కడితో ఆపవచ్చు, ఆపితే ఇంకా కొంచెం గౌరవం మిగులుతుంది. ఆపలేదు. "అడిగితే వద్దంటావని అడగలే."

మైకులో ఎవరో అరవంలో, తెలుగులో కలిపి జట్ల పేర్లు పిలుస్తున్నారు. "ఇది రెండోసారి," అంది చివరికి, బండి వైపు చూస్తూ. అవును అన్నాడు. ఆ అవును చెప్పడంలో ఎందుకో భుజాలు తేలికయ్యాయి, దెబ్బ తగిలాక ఇంక దెబ్బ కోసం భయపడే పని లేనట్టు. నిస్సీ పెన్ను మూత పెట్టింది. బెల్టు మీది మూతను నాలుగు స్క్రూలు తిప్పి తీసింది. బెల్టు నల్లగా ఉండాల్సింది ఎర్రగా, నువ్వులుండ మీద పాకంలా మెరుస్తూ ఉంది. వేలితో తాకి చూసి, అప్పుడు మొదటిసారి నేరుగా ఆయన ముఖంలోకి చూసి అడిగింది. బిడ్డ నాయనను అడిగినట్టు కాదు, ఒక పనివాడు ఇంకో పనివాణ్ని అడిగినట్టు.

"ఇది దేంతో కరుగుతాది?"

నీళ్లతో కరగదు. పెట్రోలు వద్దు, రబ్బరు ఉబ్బుతుంది. స్పిరిట్టు. నాయన మిల్లు చక్రాలకు పేరుకున్న గుగ్గిలం స్పిరిట్టుతోనే తుడిచేవాడు. స్పిరిట్టు ఇక్కడ యాడ దొరుకుతుంది అంటుంటేనే ముజఫర్ సంచిలోంచి చేతులకు పూసుకునే శానిటైజరు సీసా తీశాడు, మజ్జిగ గ్లాసులతో వచ్చిన కాశిం సాహెబు సంగతి విని, తను మెకానిక్కునని గుర్తొచ్చి, జేబులోంచి పళ్లు తోముకునే బ్రష్షు తీశాడు. "కొత్తదే, ప్రయాణానికని తెచ్చుకున్నా. బెల్టుకైతే బెల్టుకు, పండ్లు పండ్లే కదా." బెల్టును తీసి ఒక పక్క నిస్సీ పట్టుకుంది, రెండో పక్క ఆయన చేతిలో పెట్టింది. పన్ను తర్వాత పన్ను, సందు తర్వాత సందు, ఎర్రటి బంక కరిగి గుడ్డకు అంటుకుంటోంది. తొందరపడకు అని నిస్సీ అనలేదు, తొందరగా కానియ్యి అని కూడా అనలేదు. ఒకచోట ఒక పన్ను అంచు కొద్దిగా నలిగి ఉంది. ఇద్దరూ దాన్ని చూశారు. గోటితో వంచి చూసింది, మళ్లీ వంచి చూసింది. ఊడదు, కానీ బలమూ కాదు. వెనక చక్రాల పొట్టి బెల్టుకు మారు ఉంది గానీ ముందు చక్రాలకు పోయే ఈ పొడుగు బెల్టుకు మారు లేదు. పదకొండుకు ఏడు నిమిషాలు.

"నాయనా, నువ్వయితే ఏది రాస్తావు?"

నోటి నిండా మాటలు వచ్చాయి. బెల్టే రాయి మా, చిన్నబ్బ కాలు కాపాడింది బెల్టే. కాదు, షాఫ్టు రాయి, నలిగిన పన్నుతో ఎందుకు, ఓడితే నీ మనసు విరుగుతుంది. రెండూ ఆమె మంచికే. రెండూ మింగాడు.

"నేను చెప్పను మా. పన్ను సూసింది నువ్వు, బండి కట్టింది నువ్వు."

నిస్సీ ఇంకో నిమిషం బెల్టును వెలుతురుకు పట్టి చూసింది. కాగితం మీద రాసింది. బెల్టు. ముజఫర్ తల గోక్కుని, "తెగితే మా తాత నన్ను ఊర్లో బతకనియ్యడు," అన్నాడు, స్క్రూలు బిగించడానికి కూర్చున్నాడు. అప్పుడే ఆమె ఆయనకు నారింజ రంగు కోటు ఒకటి విసిరింది. ప్రతి జట్టూ ఒక మనిషిని మలుపు దగ్గర నిలబెట్టాలట, అక్కడ ఏ బండి బోల్తా పడినా తిరగేసి నిలబెట్టడానికి. ముజఫర్ ఆమె పక్కన ఉండి చుట్లు చెప్పాలి, కాశిం సాహెబు మోకాళ్లు వంగవు.

"పడితే నిలబెట్టు. పడకుంటే ముట్టాకు. అంతే," అంది.

మలుపు దగ్గర నిలబడ్డాడు. ఎండ నెత్తి మీదికొచ్చింది, తడిపిన మన్ను ఆవిరి పడుతోంది, దూరంగా కొండ మీదికి పోయే దారి గీతలాగా కనిపిస్తోంది. ఎనిమిది బండ్లు ఒక్కసారి లేచాయి. ఏడు పాడేది ఒక పాట, పళ్లు నూరుతున్నట్టు గరగర. ఎనిమిదోది సన్నగా, గాలి సందులో దూరినట్టు. ఆ సన్నటి దాన్ని పట్టుకుని వింటూ నిలబడ్డాడు. మొదటి చుట్టు, టక్ లేదు. రెండో చుట్టు, లేదు. అరవ జట్టు బండి ఒకటి దిబ్బ మీద బలం ఇచ్చిన కొద్దీ కుడికి వాలి ఆయన కాళ్ల దగ్గర వెల్లకిలా పడింది. వంగి తిరగేసి వదిలాడు, "నండ్రి అణ్ణా" అని, రిమోట్లు పట్టుకున్నవాళ్లు నిలబడ్డ మంచె మీద నుంచి ఎవరో థాంక్సు చెబుతూ అరిచారు. నిస్సీ బండి ఆరో స్థానం నుంచి ఐదుకు వచ్చింది. నలిగిన పన్ను ఆయన తలలో తిరుగుతోంది, ఇప్పుడు అది చక్రం మీద, ఇప్పుడు దాటింది, ఇప్పుడు మళ్లీ. ప్రార్థన చేస్తున్నాడా అంటే చేస్తున్నాడు, కానీ ఏమీ అడగడం లేదు, నువ్వూ చూస్తున్నావు కదా తండ్రీ, నేనూ చూస్తున్నాను, అంతే.

ఏడో చుట్టులో నిస్సీ బండి నాలుగో బండిని దాటే ఆత్రంలో దిబ్బ మీద నుంచి మరీ ఎత్తుకు లేచింది. ఒక పక్కకు దిగింది. కుడి వైపు రెండు చక్రాలూ గాల్లో, ఎడమ వైపు రెండింటి మీద ఊగుతూ సరిగ్గా ఆయన ముందుకు వచ్చింది, చెయ్యి చాపితే అందేంత దగ్గర. నడుము అప్పటికే వంగింది. చేతులు అప్పటికే చాచి ఉన్నాయి. ఒక్క వేలు తగిలిస్తే చాలు, నిలబడుతుంది. పడిందా? పడలేదింకా. పడుతుందా? పడవచ్చు. వేళ్లకూ చక్రానికీ మధ్య జానెడు ఖాళీ, ఆ జానెడులో ముప్పై ఏళ్ల మిల్లూ, నెట్ సెంటరూ, తెల్లవారుజాము బల్ల మీది తెల్లగుడ్డా అన్నీ ఇరుక్కుని నిలబడ్డాయి, ఆయన చేతులు అట్లాగే ఆగిపోయాయి. అక్కడ మంచె మీద ఆ పిల్ల బొటనవేలు ఏం చేసిందో, గాల్లో ఉన్న చక్రాలు ఒక్కసారి ఊపిరి పీల్చినట్టు నెమ్మదించి మళ్లీ తిరిగాయి, బండి ఒక ఊపు ఊగింది, నాలుగు చక్రాలూ నేల మీద పడ్డాయి. తడిమన్ను ఆయన ముఖం నిండా కొట్టి, నాలుగో బండి పక్కగా దూసుకుపోయింది.

కళ్లు తుడుచుకుని మంచె వైపు చూశాడు. నిస్సీ ఆయన వైపు చూడటం లేదు, వచ్చే దిబ్బ వైపు చూస్తోంది. ఆయనా అటే తిరిగాడు.